మిర్యాలగూడ గోడ మీద మా నాయనమ్మ

ఎవరేం ఇచ్చినా ముందు దాన్ని వెనక్కి తిప్పి చూడటం నాకు అలవాటు. ముప్పై ఎనిమిదేళ్లు సూర్యాపేటలో ఫొటోలకు ఫ్రేములు కట్టి బతికాను. ముందువైపు దేవుడున్నా పెళ్లికొడుకున్నా నా కంటికి కనిపించేది వెనకున్న అట్ట, చీలలు, చెద. అందుకే ఈ రెండు రోజుల ప్రయాణంలో నేను అనుమానించని మనిషంటూ లేడు. ఆ ఊళ్లవాళ్లు ఎవరైనా ఇది చదివితే మన్నించాలి.

వెళ్లిన పని చెప్తాను. చివ్వెంలలో మా అక్క లింగమ్మ ఇంట్లో మా నాయనమ్మ బొమ్మ ఉంది. ఫొటో కాదు, గుడ్డ మీద నూనె రంగులతో వేసిన బొమ్మ. నూరేళ్ల పైమాటే. గొర్లు కాసుకునే ఇంట్లో అలాంటి బొమ్మేమిటని అందరూ అడుగుతారు. అప్పట్లో దొర బొమ్మ వేయడానికి ఎక్కడి నుంచో ఒక చిత్రకారుడు వచ్చి దొర కోటలో, అదే గడీలో, నెలల తరబడి ఉన్నాడట. గడీకి పాలు పోయడానికి వెళ్లే మా నాయనమ్మను కూర్చోబెట్టి, చెయ్యి తిరగడం కోసం ఆమె బొమ్మ వేశాడట. ఆ బొమ్మ గడీలో ఉండొద్దని దొర అన్నాడట. ఎందుకన్నాడో మాకెవరూ చెప్పలేదు. నాయనమ్మ దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. నేను పుట్టకముందే ఆమె పోయింది. ఆమె ఎలా ఉండేదో నాకు తెలిసిందంతా ఆ బొమ్మ వల్లే.

అక్క పెళ్లయి వెళ్తూ పట్టుబట్టి ఆ బొమ్మను తీసుకుపోయింది. ఇరవై ఏళ్ల కింద నేనే దానికి కొత్త ఫ్రేము కట్టాను. అద్దం బిగిస్తానంటే అక్క ససేమిరా అంది.

"అద్దమేస్తే బొట్టెట్ల పెట్టాలెరా?"

"అందరు అద్దం మీదనే పెడ్తరు గదక్కా."

"అందరి ముచ్చట నాకెందుకు?"

ఏటా పెత్తర అమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే రోజున, మా వైపు పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చి వాళ్ల పటాలకు బొట్టు పెడతాం. అక్క మాత్రం వేలితో నేరుగా ఆ రంగుల నుదుటి మీదే పెట్టేది. పాతది తుడిచేది కాదు, దాని మీదే పెట్టేది. పెట్టీ పెట్టీ అది రూపాయి బిళ్లంత మందాన పేరుకుపోయింది. బొట్టు లేని నాయనమ్మను నేను ఎన్నడూ చూడలేదు.

రెండు నెలల కింద మిర్యాలగూడ నుంచి జనార్దన్ అనే ఆయన వచ్చాడు. ఈ చుట్టుపక్కల పాత ఇళ్లలోని నూనె రంగుల బొమ్మలన్నీ కూడగట్టి ప్రదర్శన పెడుతున్నానని, పైసా తీసుకోకుండా శుభ్రం చేయించి అమాసకు ముందే తిరిగిస్తానని చెప్పాడు. అక్క ఒక రశీదు కాగితం పుచ్చుకుని బొమ్మ ఇచ్చేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. పైసా తీసుకోకుండా పని చేసేవాణ్ణి నేను మా బజారులో ఒక్కణ్ణి కూడా చూడలేదు మరి.

అమాస నాలుగు రోజులుందనగా అక్క ఫోన్ చేసింది. మోకాలి ఆపరేషన్ అయి మంచం దిగలేకపోతోంది.

"తమ్మీ, గాడికి పోయి మన బొమ్మేనా కాదా నీ కండ్లతోని జూసి తీస్కరా. అమాస నాటికి ఆమె నా ఇంట్ల ఉండాలె. ఆమెకు నేను చేసేది ఒకటున్నది."

"ఏంది చేసేది?"

"నీకెందుకురా అయన్ని. తీస్కరాపో."

బస్సులో

సంచిలో భూతద్దం, స్క్రూడ్రైవరు, పట్టకారు వేసుకుని సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కాను. పక్క సీట్లో త్రిపురారం వెళ్లే పెద్దావిడ కూర్చుంది. మిర్యాలగూడలో ఇంకో బస్సు మారాలట. సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్న నన్ను కాసేపు గమనించింది.

"ఏం పెద్దమనిషీ, సంచిల బంగారమున్నదా ఏంది?"

"భూతద్దం ఉన్నదమ్మా."

"చేతులు జూస్తవా? జాతకాలా?"

"కాదు. మా నాయనమ్మను జూడ పోతున్న."

ఆమె నా నెరిసిన తల వైపు చూసింది, సంచి వైపు చూసింది, కిటికీ వైపు జరిగి కూర్చుంది. కాసేపటికి జాలి కలిగిందో ఏమో, కొంగుముడి విప్పి ఉడకబెట్టిన పల్లికాయలు ఇచ్చింది. నేను ఒకటి ఒలిచి వాసన చూశాను.

"మందు గిట్ల ఏం పెట్టలే, తిను," అంది. సిగ్గుపడి తిన్నాను. ఉప్పు సరిగ్గా పట్టి బాగున్నాయి.

మా సూర్యాపేట వైపు వానకోసం మొగులు చూసే మెట్ట చెలకలు ఎక్కువ. మిర్యాలగూడ దగ్గర పడేకొద్దీ సాగర్ కాలువ నీళ్లు పారే పొలాలు మొదలవుతాయి. ఎటు చూసినా వరే. అంత పచ్చదనం చూసినా నాకు అనుమానమే, ఇన్ని మందులు కొట్టకపోతే ఇంత పచ్చగా ఎట్లుంటదని. ఆ మాట అంటే ఆవిడ నవ్వి, "నీకు పెండ్లెట్లయిందయ్యా?" అని అడిగింది.

మిర్యాలగూడ

ఈ ఊళ్లో దిగగానే ముక్కుకు తగిలేది ఉడికిన వడ్ల వాసన. ఎక్కడ చూసినా రైసు మిల్లులే. గాలిలో ఎగిరే పొట్టు చొక్కా కాలరు మీద పడుతుంది. బస్టాండు ముందు చాయ్ పన్నెండు రూపాయలు. మా దగ్గర పదే. అల్లం వేశామన్నారు గానీ నాకు తగల్లేదు.

ప్రదర్శన పెట్టింది మూతపడిన ఒక పాత మిల్లు గోదాములో. సున్నం వేసి, దీపాలు పెట్టి గ్యాలరీ అని పేరు పెట్టారు. టికెట్టు ముప్పై. గుమ్మం ముందు చూస్తే చెప్పుల కుప్ప. గుడి కాదు, దర్గా కాదు, బొమ్మలు చూడటానికి చెప్పులెందుకు విప్పాలని వాచ్‌మన్‌ను అడిగాను.

"నేను చెప్పలే సారూ. ఆళ్లే ఇడుస్తున్నరు. పాత మనుషుల బొమ్మలు గదా, చెప్పులేస్కొని ఎట్ల పోతరు?"

నిజమే, లోపల జనం బొమ్మ ముందుకు వెళ్లడం, ఫ్రేము ముట్టుకుని కళ్లకద్దుకోవడం. ఆ బొమ్మల్లోని దొరలు బతికుండగా వీళ్ల తాతలను వెట్టికి పిలిచినవాళ్లే. అయినా అద్దుకుంటున్నారు. నేనూ చెప్పులు విప్పాను. కాకపోతే అక్కడ వదల్లేదు, కవరులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

భూతద్దం తీసి మొదటి బొమ్మ దగ్గర నిలబడ్డాను. తలపాగా దొర, చేతిలో తుపాకి, కాళ్ల దగ్గర చచ్చిన చిరుత. రంగు మీద సన్నటి పగుళ్లు. పాతదని నమ్మించడానికి చాయ్ డికాషన్ పూసి పగుళ్లు తెప్పించారేమో అనుకున్నాను. ఆ పని ఎలా చేయాలో నాకు తెలుసు, ఎలా తెలుసని అడగొద్దు. నలుగురు దొరల బొమ్మలు వరసగా చూస్తే నలుగురివీ ఒకే చేతులు, ఒకే ఉంగరం. ఒళ్లంతా ముందే వేసి పెట్టుకుని, వచ్చినవాడి తల అతికించేవాడన్నమాట ఆ చిత్రకారుడు. హార్మోనియం ముందు కూర్చున్న ఒకావిడ బొమ్మ మాత్రం మనసుకు పట్టింది. వాయించడం ఇష్టం లేనట్టు వేళ్లు ముడుచుకుని ఉంది.

చివరి గోడ మీద మా నాయనమ్మ కనిపించింది.

అదే చీర, అదే ముక్కు, కుడివైపు కాస్త వంగిన మెడ. చుట్టూ బంగారు రంగు కొత్త ఫ్రేము. పొగచూరి నల్లబడి ఉండే ముఖం ఇప్పుడు చామనఛాయలో మెరుస్తోంది. కానీ నుదుటి మీద బొట్టు లేదు. బొట్టు మచ్చ కూడా లేదు. బోడి నుదురు.

ఒళ్లు మండిపోయింది. అనుకున్నంతా అయింది, అసలు బొమ్మ ఎవడికో అమ్మేసి ఎవరి చేతో నకలు వేయించి పెట్టాడు! నకలు వేసినవాడు బొట్టు వేయడం మరిచిపోయాడు!

జనార్దన్ పరుగున వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. నవ్వు ముఖం. అదీ నాకు నచ్చలేదు.

"సార్, గది మీ బొమ్మనే. క్లీన్ చేసినం గంతే."

"మా నాయనమ్మకు బొట్టుంటది. ఏది?"

"అది పైన పెట్టిన కుంకుమ సార్. కుంకుమల రంగుకు పట్టే మందులుంటయి, బొమ్మ ఖరాబయితదని తీసిండ్రు."

"మరి నేను కట్టిన ఫ్రేము ఏది?"

"కోదాడల ఉన్నది. క్లీన్ చేసినామె దగ్గర. ప్రమీల మేడమ్."

ఆయన ఏమన్నా నాకు తయారు చేసి పెట్టుకున్న జవాబులాగే వినిపించింది. బొమ్మ దింపి వెనక చూశాను. వెనకంతా కొత్త అట్ట మూసేసి ఉంది. చుట్టూ జనం పోగయ్యారు. ఒకాయన, "ఏమైతది పెద్దాయనా, బొట్టు మళ్ల పెట్టుకుంటే అయిపాయె," అన్నాడు. ఆయన మీద కూడా అరిచాను.

చివరికి జనార్దనే తగ్గాడు. "సార్, ఇయ్యాలతోని ప్రదర్శన ఖతం. బొమ్మ మీరే తీస్కపోండ్రి. రేపు కోదాడ పోయి ఆమెను అడుగుండ్రి. నమ్మకం కుదిరితేనే గీ కాగితం మీద ముట్టినట్టు సంతకం పెట్టి ఆమెకియ్యుండ్రి."

అంత సులువుగా ఇచ్చేస్తున్నాడంటే అది నకలేనని నాకు రూఢి అయిపోయింది.

కోదాడ

ఆ రాత్రి లాడ్జిలో పడుకుని, మర్నాడు పొద్దున అక్కడి దుప్పటిలాంటిదే ఒకటి కొనుక్కుని, బొమ్మను అందులో చుట్టి కోదాడ బస్సెక్కాను. కండక్టరమ్మ మూట వైపు చూసింది.

"ఏంది తాతా, టీవీయా? లగేజీ టికెట్టయితది."

"మా నాయనమ్మ బొమ్మ."

"ఆడోళ్లకు టికెట్టు లేదు గదా. ఆధార్ కార్డున్నదా మీ నాయనమ్మకు?"

బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. హుజూర్‌నగర్ దాటేదాకా ఆ మూటను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, ఈమె మా మనిషేనా, ఎవరినో మోసుకుపోతున్నానా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

కోదాడలో మాట మారుతుంది. మా దగ్గర హోటల్లో "ఏమియ్యాలె?" అంటారు. ఇక్కడ "ఏం తీసుకుంటారండీ?" అంటారు. అంత మర్యాద వినగానే నా చెయ్యి జేబు మీదికి పోయింది. అయితే ఇడ్లీ మెత్తగా ఉంది, కారప్పొడి మీద నెయ్యి అడక్కుండానే వేశారు. బిల్లులో నెయ్యి పేరు లేదు. రెండుసార్లు చూశాను.

ప్రమీలది మేడ మీద గది. యాభై దాటిన మనిషి, కళ్లజోడుకు తాడు. లోపల కిరసనాయిలు లాంటి ఘాటు వాసన, బల్ల నిండా సీసాలు, దూది పుల్లలు. ఎవరిదో కృష్ణుడి బొమ్మ బల్ల మీద పడుకోబెట్టి ఉంది. ఆమె దూది పుల్లను నోట్లో తడిపి కృష్ణుడి బుగ్గ మీద మెల్లగా తిప్పుతోంది.

"ఉమ్మితోనా!" అన్నాను.

"మురికి తియ్యడానికి దాన్ని మించింది లేదండీ. ఎక్కడైనా ఇలాగే చేస్తారు. కూర్చోండి."

మా నాయనమ్మ ముఖం కూడా ఇలాగే తుడిచిందన్నమాట! నేను కూర్చోలేదు. మూట విప్పి బల్ల మీద పెట్టి, ఇది మా బొమ్మ కాదన్నాను. ఆమె కోప్పడలేదు. కంప్యూటరులో ఫొటోలు చూపించింది. బొట్టున్న ముఖం, సగం తీసిన బొట్టు, తీసేసిన నుదురు.

"ఈ రోజుల్ల ఫొటోల ఏమన్న చెయ్యొచ్చు," అన్నాను.

"చెయ్యొచ్చండీ," అని ఒప్పుకుంది. లేచి అటక మీంచి నా పాత ఫ్రేము తీసి ఇచ్చింది.

అది నాదే. కింది బద్ద చీలిపోతే రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చి పైన రంగు వేసిన చోటు ఇప్పటికీ కనిపిస్తోంది. అక్కకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఎడమవైపు మూడో చీల వంకరపోతే పీకేసి, పక్కనే ఇంకోటి కొట్టాను. ఆ చీలలు ఫ్రేము దాటి, గుడ్డను బిగించిన లోపలి చెక్క చట్రంలోకి దిగాయి. అక్కడ రెండు బొక్కలు పక్కపక్కనే ఉండాలి. ఆ మాట ఆమెకు చెప్పలేదు. "వెనక అట్ట విప్పు," అన్నాను అంతే.

ఆమె అట్ట విప్పింది. నేను భూతద్దం పెట్టాను. ఎడమవైపు, మూడో చీల దగ్గర, రెండు బొక్కలు పక్కపక్కనే ఉన్నాయి. పాత ఫ్రేము తెచ్చి ఆనించి చూశాను. అచ్చంగా సరిపోయాయి. ప్రపంచంలో ఏ నకలువాడూ నా తప్పును నకలు చేయడు.

అప్పుడు కూర్చున్నాను. ఆమె మంచినీళ్లు ఇచ్చింది.

"మరి కుంకుమ కింద బొట్టు లేదా? చిత్రకారుడు వెయ్యలేదా?"

"లేదండీ. నేనూ వెతికాను. వేసిన ఆనవాలే లేదు. చేతులకు గాజులు లేవు, మెడలో పుస్తెల తాడు లేదు. పొగచూరి ఉండటంతో ఇన్నాళ్లూ తెలియలేదేమో. మీకు తెలుసనుకున్నాను."

మా నాయన తల్లి కడుపులో ఉండగానే తాత పోయాడని తెలుసు. ఈ బొమ్మ అంతకు ముందుదని అనుకుంటూ వచ్చాం. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. బొట్టు ఉంది కాబట్టి అనుకున్నాం. దొర ఈ బొమ్మ గడీలో వద్దని ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. పొద్దున లేచి ఈ ముఖం చూడొద్దనుకున్నాడు.

లేచి వస్తుంటే ప్రమీల రెండు చిన్న ప్లాస్టిక్ పొట్లాలు తెచ్చింది. వాటి మీద పెన్సిలుతో ఒకటి, రెండు అని రాసి ఉంది. లోపల కుంకుమ పొడి.

"మా పనిలో తీసింది ఏదీ పారెయ్యమండీ. ఒకటో దాంట్లో పైపొరలు. రెండో దాంట్లో అన్నిటికంటే అడుగున ఉన్నది. దాని రంగు వేరేగా ఉంది, ముదురుగా, నూనెతో కలిపినట్టు. అందుకే విడిగా తీశాను."

కుంకుమకు కూడా నంబర్లా అనుకున్నాను. డబ్బు అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. పొట్లాలు జేబులో పడేసుకుని, జనార్దన్ కాగితం మీద సంతకం చేసిచ్చి దిగాను. చేసిన గొడవకు తప్పయిందని ఒక్క మాట అనాల్సింది. అనలేదు.

చివ్వెంల

మధ్యాహ్నం మూడింటికి అక్క ఇంటికి చేరాను. మంచం పక్కన గోడకు బొమ్మ ఆనించి దుప్పటి తీశాను. అక్క కర్ర పట్టుకుని లేచి దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది.

"బొట్టేదిరా?"

జరిగిందంతా చెప్పాను. బొమ్మ మనదేనని, చీల బొక్కల సంగతి చెప్పాను. నాయనమ్మకు అప్పటికే తాత లేడని, చిత్రకారుడు ఉన్నదున్నట్టు వేశాడని, మనకే తెలియక ఇన్నాళ్లూ బొట్టు పెట్టామని చెప్పాను.

"ఎవలకు తెల్వదురా? నీకు తెల్వదు. నాకెర్కనే."

అక్క మంచం మీద కూలబడింది. 

"నాకు ఆరేండ్లు. అమాస నాడు అందరు చెలకకు పోయిండ్రు. నాయనమ్మ తలుపు దగ్గరికేసి మన అమ్మ కుంకుమ భరిణె తీసింది. ఆమె ముట్టరాదు గదా. గంత కుంకుమ చేతుల పోసుకొని దీపంల నూనె కలిపింది. బొమ్మ నుదుటికి పెట్టింది. ఆమె నుదుటికి పెట్టుకోలే, బొమ్మకే పెట్టింది. నేను జూస్తున్ననని ఆమెకెర్కే. 'ఎవ్వలకు చెప్పకు బిడ్డా. గీ పిల్ల మొగడు సావలే. నేను పోయినంక నువ్వు పెట్టు. తుడువకు, మీదికెల్లే పెట్టు' అన్నది. ఆ యేడే పోయింది."



"నేను పెట్టిందంత పైదేరా. అడుగున ఉన్నది ఆమె ఏలుతోని పెట్టింది. గందుకే అద్దమొద్దన్న. గందుకే ఎన్నడు తుడువలే. క్లీన్ అంటే దుమ్ము దులుపుతరనుకున్న, గింత పని చేస్తరనుకోలే. నా మతి మండ, నేనే ఇచ్చి పంపితి." అక్క కొంగుతో నోరు నొక్కుకుంది. "సచ్చిన మొగని పేరు జెప్పి ఒకసారి తుడిచిరి. గిప్పుడు నేను రెండోసారి తుడిపిస్తిరా తమ్మీ."

డెబ్బై అయిదేళ్ల మనిషి ఆరేళ్ల పిల్లలా ఏడుస్తోంది. చొక్కా జేబు తడుముకున్నాను. ఆమె కళ్లు తుడవడానికి రుమాలు కోసం తడుముకున్నానంతే. వేళ్లకు పొట్లాలు తగిలాయి.

రెండో నంబరు పొట్లం తీసి అక్క చేతిలో పెట్టాను. అందులో ఏముందో చెప్పాను. నూనె కలిపినట్టుందని ప్రమీల అన్న మాట కూడా చెప్పాను. అక్క పొట్లాన్ని వెలుతురుకు పట్టి చూసింది. చిటికెడంత ఉంది. ఇటుక రంగులో, పాత నెత్తురులా.

"గిది ఆమెదేనా? నిజంగ అడుగుదేనా? పైదీ కిందిదీ కలవలే గదా? ఆమెవరో, ఆ కోదాడామె, ఆమె మాట నమ్మొచ్చారా?"

భూతద్దం సంచిలోనే ఉంది. ఒకటో పొట్లం పక్కన పెట్టి రంగులు పోల్చి చూడొచ్చు. జీవితమంతా చేసింది అదే.

"నమ్మొచ్చక్కా," అన్నాను.

అమాసకు ఇంకా రెండు రోజులుంది. అక్క ఆగలేదు. దీపం ప్రమిదలోంచి చుక్క నూనె తీసి అరచేతిలో ఆ పొడిని రంగరించింది. ఒక చెయ్యి నా భుజం మీద వేసి నిలబడింది. ఉంగరపు వేలితో నాయనమ్మ నుదుటి మీద పెట్టింది. చిన్న బొట్టు. నేను పుట్టినప్పటి నుంచి చూసిన పెద్ద బొట్టు కాదు, ఇరవై ఏళ్ల పిల్ల పెట్టుకునేంత బొట్టు.

వాకిట్లో ఎవరో పలకరిస్తూ వస్తున్న చప్పుడైంది.

"తలుపు దగ్గరికెయ్యమంటవా అక్కా?" అని అడిగాను.

"ఎందుకురా," అంది అక్క, బొమ్మ మీంచి కళ్లు తిప్పకుండా. "తెరిచే ఉంచు."